నెట్ న్యూట్రాలిటీ: రేటు కార్డు వరకే గెలుపు

2014 డిసెంబరు చివర్లో ఎయిర్‌టెల్ తన రేట్లలో ఒక మార్పు ప్రకటించింది. స్కైప్, వైబర్ లాంటి వాటితో నెట్ మీద మాట్లాడే కాల్స్ ఇకపై మామూలు డేటా ప్యాకులోకి రావని, వాటికి విడిగా డబ్బు కట్టాలని దాని సారాంశం. డేటా అప్పటికే కొనుక్కున్నవాడిని పట్టుకుని, దాంతో ఏం చేస్తున్నావో చూసి పనిని బట్టి మళ్లీ రేటు వేస్తామనడం ఇది. గొడవ రేగింది. వారం తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గింది. తగ్గుతూ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎలాగూ దీని మీద చర్చాపత్రం తెస్తోంది కాబట్టి ప్రస్తుతానికి ఆగుతున్నామంది. మన దేశంలో నెట్ న్యూట్రాలిటీ వాదం వీధికెక్కింది అప్పుడే.

ఆ తర్వాతి పోరులో జనం గెలిచారన్నది మామూలుగా వినిపించే కథ. గెలిచిన మాట నిజమే. ఎంతవరకు అన్నదే ప్రశ్న. ధర విషయంలో గెలిచాం. టవర్లో, కేబుల్లో, కంపెనీ యంత్రాల్లో మన డేటాకు ఏం జరుగుతోందన్న విషయంలో మాత్రం కాగితం మీద నిబంధన ఉంది, దాన్ని పరీక్షించే చేయి లేదు. ఈ తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నెట్ న్యూట్రాలిటీ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు టిమ్ వూ, 2003లో. ఆలోచన మాత్రం అంతకన్నా చాలా పాతది. నలుగురి సరుకూ మోసేవాడు, మోత కూలి తీసుకున్నాక, ఎవరి సరుకన్నది చూడకూడదు. 1890 నాటి భారత రైల్వేల చట్టంలోనే ఈ సూత్రం ఉంది: రైల్వే ఏ వ్యక్తికీ, ఏ రకం సరుకుకూ అనుచితమైన ప్రాధాన్యం ఇవ్వరాదు. ఒక వ్యాపారి మిర్చి బస్తాలు ముందు వ్యాగన్లో వెళ్లి, మరొకరివి గూడ్స్ షెడ్డులో పడి ఉంటే చిన్నవాడు మునిగిపోతాడని ఆ కాలం వాళ్లకూ తెలుసు. ఇంటర్నెట్‌లో బస్తాల బదులు డేటా ప్యాకెట్లు. మోసేవాళ్లు జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్, వీధిలోని కేబుల్ ఆపరేటర్. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్న సామెత ఈ రంగంలో నిజం కాకూడదన్నదే మొత్తం గొడవ.

మరి మోసేవాడు పక్షపాతం ఎందుకు చూపిస్తాడు? దుర్మార్గం వల్ల కాదు, ఆదాయం వల్ల. టెలికాం కంపెనీలకు ఒకప్పుడు బంగారు బాతులు రెండు: కాల్ నిమిషాలు, ఎస్ఎంఎస్‌లు. వాట్సాప్ వచ్చి రెండో బాతును తినేసింది. నెట్ కాల్స్ మొదటిదాని మీదికి వచ్చాయి. తమ తీగ మీద నడిచే వ్యాపారమే తమ పాత వ్యాపారాన్ని చంపుతుంటే చూస్తూ ఊరుకోవాలా అన్నది వాళ్ల బాధ. ఆ బాధను కొట్టిపారేయలేం. స్పెక్ట్రమ్‌కు వేలంలో వేల కోట్లు పోసింది వాళ్లే.

అమెరికాలో ఈ తగువు వేరే దారి పట్టింది. అక్కడి 1996 టెలికాం చట్టం రెండు గళ్లు గీసింది. సమాచారాన్ని ఉన్నదున్నట్టు మోసేది ఒక గడి. దానికి సార్వజనిక వాహకుల బాధ్యతలన్నీ వర్తిస్తాయి. సమాచారాన్ని తయారుచేసి, మార్చి అందించేది రెండో గడి. దానికి ఆ బాధ్యతలు లేవు. బ్రాడ్‌బ్యాండ్ ఏ గడిలోది? 2002లో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, కేబుల్ ఇంటర్నెట్‌ను రెండో గడిలో వేసింది. 2005లో బ్రాండ్ ఎక్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా పిజ్జా దుకాణం ఉదాహరణ తీసుకున్నారు. మేం డెలివరీ సేవ అందించం, కానీ పిజ్జా కొంటే ఇంటికి తెచ్చిస్తాం అని దుకాణదారు అంటే ఎవరైనా నమ్ముతారా అని. ఆ మొత్తం వివాదంలో సామాన్యుడికి అర్థమయ్యే వాదన బహుశా అదొక్కటే.

ఆ తర్వాతి 20 ఏళ్లూ ఈ రెండు గళ్ల మధ్య బంతాటే. 2005లో నార్త్ కరోలినాలోని మాడిసన్ రివర్ అనే చిన్న ఫోన్ కంపెనీ వోనేజ్ నెట్ కాల్స్‌ను అడ్డుకుని 15 వేల డాలర్లు కట్టింది. 2007లో కామ్‌కాస్ట్ తన కస్టమర్ల బిట్‌టొరెంట్ ట్రాఫిక్‌ను దొంగచాటుగా అడ్డుకుంటూ పట్టుబడింది. ఎఫ్‌సీసీ తప్పుపడితే, నీకా అధికారం లేదంటూ 2010లో కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కొత్త నిబంధనలు పెడితే 2014లో వాటిలో ముఖ్యమైనవీ పోయాయి. 2015లో ఎఫ్‌సీసీ ఛైర్మన్ టామ్ వీలర్ నాయకత్వంలో 3-2 ఓట్లతో బ్రాడ్‌బ్యాండ్‌ను మొదటి గడిలోకి మార్చారు. 2017లో అజిత్ పై హయాంలో అదే 3-2తో మళ్లీ రెండో గడిలోకి తోశారు. 2024 ఏప్రిల్‌లో మళ్లీ మొదటి గడి, మళ్లీ 3-2. 2025 జనవరి 2న ఆరో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు దాన్నీ కొట్టేసింది. చట్టంలో అస్పష్టత ఉన్నచోట నియంత్రణ సంస్థల వ్యాఖ్యానానికి కోర్టులు తలొగ్గనక్కర్లేదని 2024 జూన్‌లో లోపర్ బ్రైట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పడంతో, పాత బంతాటకు ఆధారమే పోయింది.

ఇంత జరిగినా అమెరికన్ కాంగ్రెస్ ఈ విషయం మీద ఒక్క వాక్యం కూడా చట్టంగా చేయలేకపోయింది. ఐదుగురు సభ్యుల ఎఫ్‌సీసీలో, దేశాధ్యక్షుడు ఏ పార్టీవాడైతే ఆ పార్టీకి మూడు ఓట్లు, నిబంధన ఆ వైపు. ఇప్పుడక్కడ రక్షణ అంటూ మిగిలింది కాలిఫోర్నియా 2018లో చేసుకున్నలాంటి రాష్ట్ర చట్టాలే. ప్రజాభిప్రాయ సేకరణ గతి ఇంకా అన్యాయం. 2017లో వచ్చిన 2 కోట్ల 20 లక్షలకు పైగా అభిప్రాయాల్లో దాదాపు కోటీ 80 లక్షలు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021లో తేల్చారు. వాటిలో 85 లక్షలు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీల డబ్బుతో నడిచిన ప్రచారంలోవి. నెట్ న్యూట్రాలిటీ కావాలంటూ వచ్చిన నకిలీల్లో 77 లక్షలు 19 ఏళ్ల కాలేజీ కుర్రాడొకడు సృష్టించినవి.

మన దగ్గర గళ్ల పేచీ లేదు. ఇంటర్నెట్ ఇచ్చే ప్రతి కంపెనీకీ కేంద్రం లైసెన్సు ఉండాలి. టెలికాం సేవల రేట్లు నిర్ణయించే అధికారం 1997 చట్టం కింద ట్రాయ్‌ది. అయితే ఇక్కడొక మెలిక ఉంది. రేట్ల మీద ట్రాయ్ తానే నిబంధన చేయగలదు. లైసెన్సు షరతుల విషయంలో సిఫార్సు మాత్రమే చేయగలదు, ఆపైన టెలికాం శాఖ దయ. మన నెట్ న్యూట్రాలిటీ ఒక కాలు బలంగా, మరో కాలు బలహీనంగా పుట్టడానికి కారణం ఈ మెలికే అని నేననుకుంటాను.

2015 మార్చి 27న ట్రాయ్ 118 పేజీల చర్చాపత్రం విడుదల చేసింది. మామూలుగా అలాంటి పత్రాలకు టెలికాం కంపెనీలు, నాలుగైదు సంఘాలు మాత్రమే జవాబు రాస్తాయి. ఈసారి స్వచ్ఛందంగా కలిసిన కొందరు సేవ్ ది ఇంటర్నెట్ పేరుతో ప్రశ్నలను సులువు చేసి పెట్టారు. ఏఐబీ హాస్య బృందం వీడియో తీసింది. ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు చేరాయి. ట్రాయ్ ఏం చేసిందంటే, పంపినవాళ్ల పేర్లు, ఈమెయిల్ అడ్రసులతో సహా అన్నిటినీ వెబ్‌సైట్‌లో పెట్టేసింది! ఇంటర్నెట్‌ను నియంత్రించాల్సిన సంస్థకు అప్పట్లో ఇంటర్నెట్‌తో ఉన్న పరిచయం అంత. ఆ ఏప్రిల్‌లోనే ఎయిర్‌టెల్ జీరో వచ్చింది. యాప్ కంపెనీ డబ్బు కడితే ఆ యాప్ వాడకానికి కస్టమర్‌కు డేటా ఖర్చు ఉండదు. అందులో చేరాలనుకున్న ఫ్లిప్‌కార్ట్, జనం ఆగ్రహం చూసి తప్పుకుంది.

అసలు పరీక్ష ఫ్రీ బేసిక్స్. ఇంటర్నెట్.ఆర్గ్ పేరుతో 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి దీన్ని తెచ్చాయి. మొదట అందిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. అందించిన భాషల్లో తెలుగు ఉంది. మూడు డజన్ల దాకా వెబ్‌సైట్లు డేటా ఖర్చు లేకుండా చూడొచ్చు, వాటిలో ఫేస్‌బుక్ ఒకటి. బింగ్ సెర్చ్ ఫలితాల్లో కనిపించిన లింకు నొక్కాలంటే మాత్రం డబ్బు కట్టాలి.

దీన్ని సమర్థించినవాళ్ల వాదనను అప్పట్లో చాలామంది వెటకారంతో తోసేశారు. అది సరి కాదు. 2014 ప్రాంతంలో ఒక జీబీ డేటా సగటున 250 రూపాయలకు పైనే. రోజు కూలీ మొత్తం పోస్తే వచ్చే వస్తువది. అసలేమీ లేనివాడికి కొంతైనా దొరికితే, అంతా ఉన్నవాడు అడ్డం పడటం ఏం న్యాయమన్న ప్రశ్నలో బలం ఉంది. ఏ సైటు ఉచితమో ఎవరు తేలుస్తారన్న దగ్గరే ఆ వాదన విరిగింది. పల్లెలో తొలిసారి ఫోన్ పట్టుకున్నవాడికి ఫేస్‌బుక్కే ఇంటర్నెట్ అయిపోతే, కడపలోనో కరీంనగర్‌లోనో ఎవరో కట్టిన చిన్న సైటు వాడి కంటపడే దారే ఉండదు. సాంకేతిక నిపుణులు నందన్ నీలేకని, విరల్ షా ఇంకో మార్గం సూచించారు. పేదలకు సాయం చేయాలనుకుంటే కొంత డేటానే ఉచితంగా ఇవ్వండి, దాంతో ఏం చూడాలన్నది వాళ్లే తేల్చుకుంటారని. ఈ సూచనకు సరైన జవాబు ఫేస్‌బుక్ నుంచి నాకెక్కడా కనిపించలేదు. కంపెనీ దగ్గర పేజీల కొద్దీ పత్రికా ప్రకటనలున్నాయి, మార్క్ జుకర్‌బర్గ్ టైమ్స్ ఆఫ్ ఇండియాలో రాసిన వ్యాసం ఉంది. బటన్ నొక్కగానే ట్రాయ్‌కి వెళ్లే రెడీమేడ్ ఈమెయిల్ ఉంది. ఆ ఈమెయిళ్లు లక్షల్లో వచ్చాయి కానీ, ట్రాయ్ అడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబులు లేవు. అభిప్రాయ సేకరణను ఓట్ల లెక్కింపుగా మార్చొద్దని ట్రాయ్ ఘాటుగానే లేఖ రాసింది.

2016 ఫిబ్రవరి 8న, ఆర్.ఎస్. శర్మ ఛైర్మన్‌గా ఉన్న ట్రాయ్, చూసే విషయాన్ని బట్టి డేటాకు వేర్వేరు రేట్లు వేయడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా. అత్యవసర సేవలకు మినహాయింపు. మరో మినహాయింపు కంపెనీ సొంత మూసిన నెట్‌వర్కుకు, అదీ నిబంధనను తప్పించుకునే దొడ్డిదారి కానంతవరకు. రోజుల్లోనే ఫ్రీ బేసిక్స్ భారత్ వదిలి వెళ్లింది. ప్రపంచంలో ఇంత సూటిగా, ఇంత తక్కువ సందులతో వచ్చిన నిబంధనలు తక్కువ. యూరప్ ఇదే మాట అనడానికి 2021 దాకా, కోర్టు తీర్పుల దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ నిబంధన పేదల నోటికాడి కూడు లాగేసిందా? తేల్చుకునే అవకాశమే రాలేదు. అదే ఏడాది సెప్టెంబరు 5న జియో దిగింది. ఉచితంగా మొదలై, మార్కెట్ మొత్తాన్నీ నేలకు దించింది. 2018 నాటికి జీబీ ధర సుమారు 12 రూపాయలైంది. నెట్ న్యూట్రాలిటీ వల్లే డేటా చవకైందని చెప్పుకునేవాళ్లున్నారు. అది గొప్పలకు పోవడమే. చవక చేసింది రిలయన్స్ పెట్టుబడి. ఆ పోటీలో డజను కంపెనీలున్న చోట మూడు ప్రైవేటు కంపెనీలు, ఒక బీఎస్ఎన్ఎల్ మిగిలాయి. ఆ మూడింట్లో ఒకటి ప్రభుత్వ వాటాతో ఊపిరి పీలుస్తోంది. నచ్చకపోతే కస్టమర్ వేరే కంపెనీకి పోతాడు కదా, నియంత్రణ ఎందుకన్న వాదన 2015లో కొంత చెల్లింది. ఇప్పుడు పోవడానికి ఎక్కడుంది?

ఇక రెండో కాలు. డేటాను అడ్డుకోవడం, నెమ్మది చేయడం, కొందరిదాన్ని ముందు పంపడం, వీటిని నిషేధించాలని ట్రాయ్ 2017 నవంబరు 28న సిఫార్సు చేసింది. 2018 జులైలో కేంద్రం ఒప్పుకుని లైసెన్సు షరతుల్లో చేర్చింది. పత్రికలు దీన్నీ పండగలాగే రాశాయి. ఉల్లంఘనను కనిపెట్టడానికి కంపెనీలు, వినియోగదారులు, నిపుణులు కలిసిన సంఘం ఒకటి ఉండాలని ట్రాయ్ అప్పుడే అంది, 2020 సెప్టెంబరులో దాని రూపురేఖలూ చెప్పింది. అలాంటి సంఘం పరీక్షించి బయటపెట్టిన నివేదిక నేనింతవరకు చూడలేదు.

రేటులో పక్షపాతం ఉంటే దాచలేరు. దాన్ని ప్రకటిస్తేనే గిరాకీ. వేగంలో పక్షపాతం అలా కాదు. వీడియో ఆగి ఆగి వస్తోందంటే తప్పు ఇంట్లో వైఫైదా, టవర్ మీద రద్దీదా, ఆ వీడియో కంపెనీ సర్వర్‌దా, రెండు నెట్‌వర్కులు కలిసే చోటిదా, లేక కావాలనే నొక్కి పెట్టారా? కస్టమర్‌కు తెలిసే దారి లేదు. 2020లో ఎయిర్‌టెల్ ప్లాటినం, వొడాఫోన్ ఐడియా రెడ్‌ఎక్స్ ప్లాన్లలో ఎక్కువ కట్టినవాళ్లకు ప్రాధాన్యమని ప్రచారం చేస్తే ట్రాయ్ ఆపమంది. ట్రాయ్‌కి ఎలా తెలిసింది? కంపెనీలే చెప్పుకున్నాయి కాబట్టి. చెప్పకుండా చేసుంటే?

ప్రభుత్వం నిషేధించమన్న వెబ్‌సైట్ల సంగతే చూడండి. ఆరు కంపెనీల నెట్‌వర్కులను సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు పరీక్షిస్తే, ఒక కంపెనీ ఆపేసిన సైటు మరో దానిలో తెరుచుకుంటోందని తేలింది. ఆదేశాలు రహస్యం, అమలు ఎవరి ఇష్టం వాళ్లది. ఇది నెట్ న్యూట్రాలిటీ పరిధిలోకి రాదని అధికారులు అంటారు. చట్టప్రకారం నిజమే. కానీ సైటు ఎందుకు తెరుచుకోవడం లేదో చెప్పే నాథుడే లేనప్పుడు, ఆపింది ప్రభుత్వమా కంపెనీయా అన్నది వాడకందారుకు ఎలా తెలుస్తుంది?

మినహాయింపులూ తక్కువేం లేవు. పెద్ద కంపెనీలు తమ వీడియోల నకళ్లను టెలికాం కంపెనీల నెట్‌వర్కు లోపలే సర్వర్లు పెట్టి ఉంచుతాయి. దాంతో మనకు దగ్గర్నుంచి, వేగంగా అందుతాయి. ఈ ఏర్పాట్లను నిబంధన ముట్టుకోలేదు. సాంకేతికంగా అందుకు మంచి కారణమే ఉంది, దూరం నుంచి ఒకే వీడియోను లక్షసార్లు మోయడం వృథా. ఫలితం మాత్రం ఒకటే: యూట్యూబ్ వీధి చివర నుంచి వస్తుంది, చిన్న తెలుగు వీడియో సైటు ఎక్కడో దూరపు డేటా సెంటర్ నుంచి వస్తుంది. రీఛార్జ్‌తో ఓటీటీ ఉచితం అన్నదీ అలాంటిదే. డేటా రేటు మారలేదు కనుక నిబంధన చెడలేదు. పోటీలో ఉన్న మరో ఓటీటీకి మాత్రం చెడింది.

అన్నిటికంటే పెద్ద మార్పు యాజమాన్యంలో వచ్చింది. 2015లో మోసేవాడు వేరు, సరుకు వేరు. 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ 43,574 కోట్లు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా కొంది. ఆ వెంటనే గూగుల్ 33,737 కోట్లతో 7.7 శాతం తీసుకుంది. 2025లో వచ్చిన జియోహాట్‌స్టార్‌తో క్రికెట్ ప్రసారాలూ, దేశంలోనే పెద్ద మొబైల్ నెట్‌వర్కూ ఒకే ఇంటివయ్యాయి. అదే ఏడాది అక్టోబరులో విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్ల ఏఐ కేంద్రాన్ని, సముద్రగర్భ కేబుళ్ల ముఖద్వారాన్ని గూగుల్ ప్రకటించింది. భాగస్వాముల్లో ఎయిర్‌టెల్ ఒకటి. విశాఖకు అది మంచిదే కావొచ్చు. కానీ ఎయిర్‌టెల్‌కు గూగుల్ మీద ఫిర్యాదు ఉందనుకుని రాసుకున్న పాత వాదనలు ఇప్పుడు ఎవరికి సరిపోతాయి? రాష్ట్ర ప్రభుత్వమే ఏపీ ఫైబర్‌నెట్ పేరుతో నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ, ఫోన్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, మోసేవాడి పాత్రలో సర్కారే వచ్చి నిలబడింది. అప్పుడు కూడా నిబంధన అదే, పరీక్షించేవాళ్లు లేకపోవడమూ అదే.

ఇంత కలిసిపోయాక కూడా ఒక తగువు సజీవంగా ఉంది. టెలికాం కంపెనీల సంఘం సీఓఏఐ కొన్నేళ్లుగా న్యాయమైన వాటా అడుగుతోంది. ట్రాఫిక్‌లో పెద్ద భాగం నాలుగైదు పెద్ద కంపెనీలదే, వాళ్లు లాభపడుతున్నారు, నెట్‌వర్కుకు ఖర్చు మేం పెడుతున్నాం, వాళ్లూ కొంత కట్టాలి అని. వినడానికి సమంజసంగానే ఉంటుంది. కానీ ఆ ట్రాఫిక్ దానంతటది రావడం లేదు. డబ్బు కట్టిన కస్టమర్ అడిగితేనే వస్తోంది. ఒకే మోతకు రెండు చివరలా కూలి అడగడమిది. 2024 జులైలో మూడు ప్రైవేటు కంపెనీలూ రీఛార్జ్ రేట్లు పెంచాయి. ఖర్చు రాబట్టుకునే దారి వాళ్లకు ఉందని దాంతో తేలలేదా?

దక్షిణ కొరియా ఈ ప్రయోగం చేసి చూసింది. 2016 నుంచి అక్కడి నెట్‌వర్కులు ఒకదానికొకటి పంపుకునే ట్రాఫిక్‌కు పంపినవాడే కట్టే పద్ధతి పెట్టారు. నెట్‌ఫ్లిక్స్, ఎస్‌కే బ్రాడ్‌బ్యాండ్ ఏళ్ల తరబడి కోర్టుల్లో కొట్లాడుకుని 2023లో రాజీపడ్డాయి. ఆటల ప్రత్యక్ష ప్రసారాల సంస్థ ట్విచ్, ఇతర దేశాలతో పోలిస్తే నెట్‌వర్కు ఫీజులు పది రెట్లున్నాయంటూ 2024 ఫిబ్రవరిలో కొరియా నుంచి వెళ్లిపోయింది. గూగుల్ లాంటిది ఆ ఫీజు కట్టుకోగలదు. దాని వెనుక రావాలనుకునేవాడు కట్టలేడు. పెద్ద కంపెనీల మీద వేసే పన్నుగా మొదలై, పెద్ద కంపెనీలకే కోటగోడ కావడం ఇలాంటి విధానాల స్వభావం. ఆ పెద్దల లాభాల్లో ప్రజలకు వాటా కావాలంటే పన్ను చట్టం ఉంది. టెలికాం కంపెనీని వసూలుదారుగా పెట్టనక్కర్లేదు.

5జీతో వచ్చిన స్లైసింగ్ ఈ వాదానికి తర్వాతి అధ్యాయం. ఒకే నెట్‌వర్కును పొరలుగా విడగొట్టి, ఒక పొరకు గ్యారంటీ వేగం ఇవ్వొచ్చు. ఆసుపత్రికో కర్మాగారానికో అలాంటి పొర ఇస్తే ఎవరూ కాదనరు. 2018 షరతుల్లో ప్రత్యేక సేవలకు చోటుంది. అవి మామూలు ఇంటర్నెట్‌కు ప్రత్యామ్నాయం కాకూడదు, దాని నాణ్యతను దెబ్బతీయకూడదు అన్న హద్దూ ఉంది. ఆటలాడే యాప్‌కు ఒక పొర, సినిమా యాప్‌కు ఒక పొర అమ్మడం మొదలైతే హద్దు దాటినట్టా కాదా అంటే, మిగిలిన అందరికీ వేగం తగ్గిందో లేదో కొలిచి చూస్తేనే తెలుస్తుంది.

కొలవడం చేతకాని పనేం కాదు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు వీహీ అనే యాప్ తయారుచేశారు. ఒక వీడియో యాప్ ట్రాఫిక్‌ను ఉన్నదున్నట్టు ఒకసారి, గుర్తుపట్టలేని రూపంలో మరోసారి అదే నెట్‌వర్కు మీద నడిపి, రెండు వేగాలనూ పోలుస్తుంది. తేడా వస్తే మధ్యలో ఎవరో సరుకు చూసి తూస్తున్నట్టే. అమెరికన్ మొబైల్ కంపెనీలు వీడియోను నొక్కి పెడుతున్నట్టు బయటపడింది ఇలాగే. ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ ఆర్సెప్ ఈ పరికరాన్ని తన పౌరుల చేతికిచ్చింది. మన ట్రాయ్ దగ్గరున్న మైస్పీడ్ యాప్ మొత్తం వేగాన్ని చూపిస్తుంది, ఏ యాప్‌కు ఎంతన్నది చెప్పదు. కానీ కాల్ డ్రాప్‌లు, డేటా వేగం చూడటానికి ట్రాయ్ కార్లలో పరికరాలు పెట్టి ఊళ్లు తిప్పుతుంది, హైదరాబాద్‌తో సహా నగరాలవారీగా ఫలితాలు ప్రచురిస్తుంది. అదే కారులో, అదే ఫోన్లలో ఈ పరీక్ష కూడా నడిపి, ఆ పట్టికలోనే కంపెనీలవారీగా ఇంకో వరుస కలపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, టెలికాం శాఖ అనుమతీ అక్కర్లేదు.